మా పేరు ఎం-530

మా పేరు ఎట్లా రాయాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. రేషన్ కార్డులో షేక్, ఓటర్ల జాబితాలో ఎస్.కె., స్కూలు సర్టిఫికెట్‌లో షైక్. మహమ్మద్ అయితే ఒకచోట ఎండి, ఇంకోచోట మొహమ్మద్. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు తెలుగు గుమాస్తా చేతిలో ఒకటవుతుంది, ఇంగ్లీషు టైపిస్టు చేతిలో మరొకటవుతుంది.

చికాగోలో ఉంటున్న మా ఖాలా కొడుకు సెలవు రోజుల్లో ఒక పని చేస్తుంటాడు. ఎన్నడో అమెరికా పౌరసత్వం కోరినవాళ్ల దరఖాస్తులు చూసి పేరు, పుట్టిన ఊరు, ఓడ దిగిన రేవు కంప్యూటర్‌లో ఎక్కించడం. తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్లకు అదే దారి. జీతం లేదు. కాగితం మీద ఎట్లా ఉంటే అట్లే రాయాలి, దిద్దకూడదు. ముస్లిం పేరు అర్థం కాకపోతే మాకు ఫోన్ చేస్తాడు. "భాయీజాన్, ఇది హమీదా, అహ్మదా?"

1930లలో అక్కడి సర్కారు న్యూ ఇంగ్లండ్ పాత పౌరసత్వ కాగితాలకు సూచిక రాయించింది. దాన్ని సౌండెక్స్ పద్ధతిలో పేర్చారు. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మిగిలిన హల్లులకు అంకెలు వేస్తారు. స్పెల్లింగ్ తప్పినా మనిషి దొరకాలని. మొహమ్మద్, ముహమ్మద్, మహమత్ అందరూ ఎం-530. మహమూద్ కూడా అందులోనే పడతాడు. షేక్ ఎస్-200. మన గుమాస్తా పొట్టి చేసిన ఎస్.కె. మాత్రం ఎస్-000.

పేరు దొరికితే సరిపోయిందా? 1790 చట్టం పౌరసత్వం స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్లకే అన్నది. 1870లో ఆఫ్రికా సంతతిని చేర్చారు. భారతీయులు తెల్లవాళ్లు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే ఇచ్చిన పౌరసత్వాలు కూడా కొందరి నుంచి లాక్కున్నారు. 1946 దాకా మనవాళ్లకు తలుపు మూసే ఉంది. 1942లో మిషిగన్‌లో అహ్మద్ హసన్ అనే యెమెన్ అరబ్బు దరఖాస్తు కొట్టేస్తూ జడ్జి అతని ఒంటిరంగుతో పాటు మతాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. రెండేళ్లకు మసాచుసెట్స్‌లో ఇంకో అరబ్బుకు పౌరసత్వం దొరికింది. చట్టం అదే. జడ్జి వేరు.

1906 తర్వాతి దరఖాస్తులో బహుభార్యాత్వాన్ని నమ్మనని రాసివ్వాలి. ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో భారతీయుల జాతికి పెట్టిన పేరు 'హిందూ'. హుగ్లీ నుంచి చికన్ గుడ్డలు మోసుకెళ్లి అమ్ముకున్న బెంగాలీ ముస్లింలు కూడా ఆ గడి ప్రకారం హిందువులే! ఇక్కడ అద్దె ఇల్లు అడిగితే మేము తురకోళ్లం.

ఇదంతా పరాయి దేశపు పాత కథ అనుకోలేకపోతున్నాం. 2019 ఆగస్టులో అస్సాం పౌర జాబితా నుంచి 19 లక్షలమందికి పైగా బయటపడ్డారు, హిందువులూ ముస్లింలూ. తాత పేరులో అక్షరం తేడా వచ్చినా చిక్కే. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన పౌరసత్వ చట్టం మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకు దారి తెరిచింది. అందులో మా మతం లేదు.

తప్పు రాసేది ఆఫీసు. రుజువు తెమ్మనేదీ ఆఫీసే. అందుకే మేము ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టాం. నానా, నానీ, దాదా, దాదీ పేర్లు ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో, ఆ పక్కన ఏ కాగితంలో ఎట్లా ఉన్నదీ రాస్తున్నాం. మీ ఇంట్లో కూడా రాయండి, పెద్దవాళ్లు చెప్పగలిగినప్పుడే.