వెనుదిరగడమూ విద్యయే

2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు రచ్చబండ కోసం మా చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. వారి బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలి, అందులోని అయిదుగురూ అసువులు బాసారు.

విచారణ సంఘం తేల్చిన విషయం నన్ను నేటికీ కలచివేస్తుంది. ట్రాన్స్‌మిషన్ నూనె పీడనం గూర్చి హెచ్చరిక వచ్చింది. చోదకులు ఆరు నిమిషాలకు పైగా ఆ చిక్కులోనే నిమగ్నులయ్యారు. వాతావరణం వికటించినా వెనుదిరగలేదు. ఉద్ధృతమైన గాలి వారిని క్రిందికి త్రోసివేసింది.

మొన్న కార్వేటినగరంలో పూర్వశిష్యుడొకడు "అయ్యవారూ, మా పాప విమానం నడపడం నేర్వబోతోంది, ఒక మంచిమాట చెప్పండి" అన్నాడు. వ్యాకరణం బోధించినవాడినే అయినా, ఆ నివేదిక నేర్పినది చెప్పాను:

"తల్లీ, ఏ దీపం వెలిగినా ముందు విమానాన్ని నడుపు, తక్కినవన్నీ ఆ పిమ్మటే. ఇద్దరుంటే ఒకరు పుస్తకం చూడండి, ఒకరు ఆకాశం చూడండి. ఎచ్చట వెనుదిరగాలో నేలమీద ఉండగానే నిశ్చయించుకో. మబ్బు దగ్గర మొహమాటం వద్దు."

తండ్రికి వేరుగా మరొక మాట చెప్పాను. బడిలో మేము గమ్యం చేరినవారికే మార్కులు వేశాము. మిత్రులారా, "ఎందుకు తిరిగి వచ్చావు?" అని నిలదీయని పెద్దలుంటేనే పిల్లలకు తిరిగివచ్చే ధైర్యం కలుగుతుంది.