వేలు ఎక్కడుంది?

దీపావళి ముందు మాదన్నపేట గల్లీల్లో రీలు తుపాకుల టపటపలు మొదలవుతాయి. ఓ ఎనిమిదేళ్ల పిల్లాడు బొమ్మ తుపాకీని నేరుగా చెల్లెలి మొహానికి గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీదే. "అట్ల పెట్టకు బిడ్డా, కిందికి దించు" అని నాయన అంటే దించాడు, మరుక్షణం మళ్లీ ఎత్తాడు. వాడికి ఎయిర్ గన్ కావాలట.

కొనిస్తే దాంతో ఎక్కడ కాలుస్తాడు? వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నిషేధం. ఇక మిగిలింది షూటింగ్ రేంజే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్లకే, 2014లో, పిస్టల్ సాధన మొదలుపెట్టింది. పదమూడేళ్లకు జాతీయ ఛాంపియన్!

కానీ ఆమె వయసు అందరికీ కొలబద్ద కాదు. చూడాల్సింది పిల్లాడి వేలినే. ఎవరూ చెప్పకుండా ట్రిగ్గర్ మీంచి తీస్తున్నాడా? గొట్టం నేలవైపు తిప్పుతున్నాడా? ఆగమంటే ఆగుతున్నాడా?

ఆ నాయన ఎయిర్ గన్ మాట వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు.