వెల్లుల్లి పాలు

కైకలూరు దాపున కొల్లేటి యొడ్డున నుండు మా మేనత్తగారు, గుండె కవాటము మార్పించుకొన్న నాటినుండి రక్తము గడ్డకట్టనీయని అసిట్రాం మాత్రను నిత్యము సేవించుచునే, మోకాళ్ల నొప్పులకై ప్రతిరాత్రియు వెల్లుల్లి వేసి కాచిన పాలును, పసుపు కషాయమును పుచ్చుకొనుచుండిరని, చిగుళ్ల వెంట నెత్తురు కారగా ఏలూరు కొనిపోయి, రక్తము గడ్డకట్టు తీరును తెలుపు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించిన దినముననే మాకు తెలిసినది.

"వంటింటి దినుసును కూడా డాక్టరుగారికి చెప్పాలటరా?" అని ఆమె అడిగినప్పుడు నాకు కన్నీరాగలేదు. తాడేపల్లిగూడెం బజారునుండి తెచ్చుకొను వెల్లుల్లిని శంకించుట ఎవరికి తోచును? ఏమి మందులు వాడుచున్నారని అడిగిన వారే గాని, ఏమి కషాయము త్రాగుచున్నారని అడిగిన వారు లేరు.

అసిట్రాం జాతి మందులకు మూలము గడ్డియే గదా! కుళ్లిన క్లోవరు గడ్డి మేసిన పశువులు నెత్తురోడి చచ్చుటకు హేతువైన ద్రవ్యమును విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ బృందము వేరుచేయగా, ఆ వంశమున పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వెలసి, పిదప మనుష్యులకు ప్రాణరక్షకమైనది. మునగాకు, తోటకూరలలోని కె విటమిన్ ఈ మాత్రల బలమును తగ్గించును. వెల్లుల్లి, పసుపు మితిమీరినచో రక్తస్రావభయము హెచ్చును. ఆకుకూర మానవలదు, హఠాత్తుగా హెచ్చుతగ్గులు చేయవలదని వైద్యులు చెప్పిరి.

ఇప్పుడు అత్తయ్య మందుల చీటి వెనుక, ఆమె తిను ఆకును, త్రాగు కషాయమును నేనే పెద్ద యక్షరములతో వ్రాసి పంపుచున్నాను.