జోడెడ్ల కాడి

2000లో తమ్ముడూ నేనూ కలిసి ఒక కంప్యూటరు కూర్చుకున్నాము. రెండు ప్రాసెసర్లు పట్టే మదర్‌బోర్డే కావాలని వాడి పట్టుదల. ఆసుస్ పీ2బీ-డీ, ఏబిట్ బీపీ6 ఈ రెంటి మధ్య వారం రోజులు తర్జనభర్జన పడ్డాము. రెంటికీ ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్టే ఆధారం. మొదటిదానికి పెంటియం జత కొనడం బడిపంతులు జీతానికి మించిన పని. 1999లో వచ్చిన బీపీ6 చవక సెలరాన్లనే జంటగా నడిపించేది; వేగం, వోల్టేజీ బయోస్‌లోనే మార్చుకోవచ్చు. దానికే మొగ్గాము.

366 మెగాహెర్ట్జ్ సెలరాన్‌కు గుణకం 5.5. బస్సును 66 నుంచి 100కు పెంచితే 550 వస్తుంది. అయితే రెంటికీ బస్సు ఒక్కటే. జోడెడ్లలో బలహీనమైనదే నడకను నిర్ణయించినట్లు, రెండవ ప్రాసెసరు 100 వద్ద మొరాయించింది. 83 చాలునన్నాను. నడిమి దారి క్షేమమనుకునే పంతులు బుద్ధి నాది! 100 వద్ద పీసీఐకి అందేది మూడవ వంతు, సరిగా 33. 83 వద్ద సగం, అంటే 41కి పైమాట. ప్రాసెసర్లు ఓర్చుకున్నాయి గాని హార్డ్‌డిస్కు ఓర్చుకోలేదు. తప్పు బోర్డుది కాదు, నాది.

అందులో నాన్నగారి పద్యాలున్నాయి. నోటుపుస్తకం ఉన్నది గదా అంటారేమో. ఆ వేసవిలో ఆయన మంచంమీదినుండి చెప్పిన సవరణలు నేరుగా టైపు చేశాను. మరుసటి ఏడు ఆయన పోయారు.

తమ్ముడు మారుమాటాడక బస్సును 66కు దించాడు. నాకు గుర్తున్నంతవరకు మళ్ళీ టైపు చేశాను, పదకొండు పద్యాలు.