మూడవ పెడలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పాత కారు బాగుచేయించి చూడు అన్న మూడవ మాట వారు చేర్చలేదు. ఆ అనుభవం గడచిన వేసవి సెలవులలో మాకు లభించినది. ఆ రెండు నెలల కాలంలో కొంత యంత్రజ్ఞానమును, కొంత లోకజ్ఞానమును, వాటితోపాటు మా తప్పును కూడా మేము తెలుసుకొన్నాము. వాటిని సోదర విద్యార్థులతో పంచుకొనుటయే ఈ చిన్న వ్యాసం ఉద్దేశ్యం.

మాది విజయవాడలోని పటమట. మా వీధి దాటితే జవహర్ ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టే వడ్రంగులు, కమాను కట్టలు సరిచేసే కమ్మరులు, లేత్ యంత్రాల ముందు నిలబడి ఇనుమును వెన్నవలె చెక్కే పనివారు, రేడియేటర్లు అతికేవారు, సీట్లు కుట్టేవారు, పాత సామాను అమ్మేవారు అక్కడ వీధులు వీధులుగా ఉన్నారు. ఆ సుత్తి దెబ్బల చప్పుడు వింటూ పెరిగిన మేము ముగ్గురము, అనగా ఇద్దరు అన్నదమ్ములము, మా పెదనాన్నగారి కుమారుడు, ఏనాడూ ఆ షెడ్ల లోపలికి తొంగిచూసిన పాపాన పోలేదు. మమ్ములను అక్కడికి నడిపించినది మా తాతగారి కారు.

అది 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్. 1970ల దశకంలో మా తాతగారు దానిని మద్రాసులో కొన్నారు. ఆరు సిలిండర్ల ఇంజను, రెక్కల వంటి వెనుక భాగం, సోఫా వంటి ముందు సీటు. తాతగారికి కొనుటలోనే గాని నడుపుటలో ఆసక్తి లేదు. మా ఇంట దానిని చాలాకాలం నడిపినవారు మా బాబాయిగారే. ఇప్పుడు వారు చేతికర్రతో నడుస్తూ బందరులో కుమార్తె వద్ద ఉంటున్నారు. ఆ కారులో అందరూ బందరు వెళ్ళి వచ్చిన కథలు మేము విన్నవే గాని, మేము పుట్టి పెరిగిన తరువాత అది కదలగా చూచినది బహుస్వల్పం.

ఆ కారుకు గేర్లు మార్చే పని లేదు. ఇంజనులోని శక్తి చక్రాలకు నేరుగా చేరదు. నడుమ గేరుపెట్టె ఉండాలి. సాధారణమైన బండిలో ఎడమకాలితో క్లచ్ తొక్కి, ఇంజనును గేరుపెట్టె నుండి విడదీసి, చేతితో గేరు మార్చి, తిరిగి కలుపుతాము. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ ఈ శ్రమను తప్పించదలచి 1939లో హైడ్రామాటిక్ అనే స్వయంచాలక గేరుపెట్టెను వెలువరించినది. అదే సంస్థ 1950లో షెవర్లే కార్లకు పవర్‌గ్లైడ్ అనే దానిని అమర్చినది. దానిలో ముందుకు పోవుటకు రెండే గేర్లు. క్లచ్ పెడలు లేదు. ఇంజను తిప్పే నూనె ఒరవడి ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. ఒక విద్యుత్ పంకా గాలికి ఎదుటి పంకా రెక్కలు తిరుగుట మనము చూడవచ్చును. ఇక్కడ గాలికి బదులు నూనె, అంతే భేదం.

ఆ నూనెయే మా చిక్కులకు మూలమైనది. ఏళ్ళ తరబడి కదలక నిలిచిన బండిలో రబ్బరు సీళ్ళు ఎండి బీటలు వారినవి. నూనె కారిపోయినది. లోపలి పట్టీలు, పలకలు అరిగిపోయినవి. ఇంజను మ్రోగుతుంది, బండి కదలదు. మేస్త్రిగారు క్రిందికి దూరి చూచి, చేతులు తుడుచుకొంటూ ఇలా అన్నారు.

"బాబూ, అంబాసిడర్ ఇవ్వండి, కళ్ళు మూసుకుని విప్పి బిగిస్తాను. ఈ పెట్టె మాత్రం నా చేతికి రాదు. సామాను అమెరికా నుంచి రావాలి. వచ్చినా, బిగించినవాడు తప్పు చేస్తే మళ్ళీ మొదటికే. మామూలు గేరుపెట్టె పెట్టించుకోండి. ఏ ఊళ్ళో ఆగిపోయినా బాగుచేసేవాడు దొరుకుతాడు."

ఈ మాటలో న్యాయం ఉన్నది. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి చేతి గేర్ల బండ్ల మీదనే మన మేస్త్రులు తరతరాలుగా చేయి తిప్పుకొన్నారు. మా నాన్నగారు అంగీకరించారు. అయితే ఒక నియమం పెట్టారు: బండిలో ఏదీ కోయరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యే మార్పులను అనుమతించదు. అంతేకాక 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి మూలరూపంలో ఉన్న బండ్లకు వింటేజి గుర్తింపు లభిస్తుంది. ఛాసిస్‌ను, బాడీని, ఇంజనును గణనీయంగా మార్చిన బండికి ఆ గౌరవం దక్కదు. కావున నేలను కోసి గేరు కర్రను నిలబెట్టుట మా వల్ల కాదు. అదృష్టవశాత్తు ఆ మోడలుకు కంపెనీవారే స్టీరింగు స్తంభం మీద చేతికర్ర గల మూడు గేర్ల పెట్టెను కూడా ఇచ్చేవారు. దానిని సంపాదిస్తే సరిపోతుంది.

దానికొరకు చెన్నై వెళ్ళి, పాత మోటారు సామానుకు పేరుపడిన పుదుపేటలో రెండు దినములు తిరిగాము. చివరకు గేరుపెట్టె, దాని ముందుండే గంట ఆకారపు పోత గూడు, బరువైన ఫ్లైవీలు, స్టీరింగు స్తంభపు కర్రలు, క్లచ్ పెడలు అన్నియు ఒకచోటనే దొరికినవి. వాటిని కిరసనాయిలుతో కడిగి వరుసగా పేర్చిన నాడు మా ఆనందానికి మేర లేదు.

పని మొదలైనది. చైన్ బ్లాకుతో పాత పెట్టెను దించారు. ఇంజను వెనుకనున్న పలుచని పలకను తీసి ఫ్లైవీలు బిగించాలి. క్రాంక్ షాఫ్టు చివర నడుమ గుంటలో ఒక చిన్న ఇత్తడి బుష్షు ఉండాలి. గేరుపెట్టె ఇరుసు కొన అందులో ఆనుకొని తిరుగుతుంది. ఆటోమేటిక్ బండ్లకు ఆ బుష్షుతో పనిలేదు. మేస్త్రిగారు గుంటను కొలిచి, లేత్ వద్దకు పంపి, వెంట్రుకవాసి తేడా లేకుండా బుష్షును చేయించారు. "ఇది మరిచిపోయినవాడు నెల రోజుల్లో మళ్ళీ నా దగ్గరికే వస్తాడు" అని నవ్వారు.

సరిగా ఆ సమయంలో బాబాయిగారు బందరు నుండి వచ్చారు. కారు బాగవుతున్నదని విని, ఆగలేక, బస్సు దిగినవారు దిగినట్లే ఆటోలో షెడ్డుకు చేరుకొన్నారు. చేతికర్ర ఆనించి, నేల మీది పాత పెట్టెను చూచి, దాని మీద ఒకసారి చేయి వేశారు. తరువాత బల్ల మీది సామాను వైపు చూచారు.

"ఆ మూడోది ఏమిట్రా?"

"క్లచ్ పెడలు, బాబాయ్."

"దాన్ని ఏ కాలితో తొక్కుతారు?"

మాలో ఎవ్వరమూ జవాబు చెప్పలేదు. బాబాయిగారి ఎడమకాలు మూడవయేటనే పోలియో వలన చచ్చుబడినది. తాతగారు అంత దూరం వెళ్ళి, అందరూ వద్దన్నను, ఆ కారునే ఏరి కొన్నది ఎందుకో అప్పుడు గాని మాకు తట్టలేదు. క్లచ్ లేని బండిలో కుడికాలు ఒక్కటే చాలును. ఇతర బండ్లలో ప్రయాణీకుడైన కుమారుడు ఆ ఒక్క బండిలో చోదకుడు కావలెనని తాతగారి కోరిక. మేస్త్రిని సంప్రదించాము, చట్టమును సంప్రదించాము, సామాను వ్యాపారులను సంప్రదించాము. దానిని నడిపిన మనిషిని మాత్రం ఒక్కమాట అడుగలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు అప్పుడు క్షమాపణ చెప్పబోయాము.

చేతితో నొక్కే క్లచ్ అమర్చవచ్చునా అని మేస్త్రిగారిని అడిగాము. అట్టి అమరిక ఉన్నదని, కాని స్టీరింగుకు ఒక చేయి, స్తంభం మీది గేరుకు ఒక చేయి పోగా, క్లచ్‌కు మూడవ చేయి కావలెనని ఆయన అన్నారు. పని ఆపివేద్దామన్నాము. బాబాయిగారు ఒప్పుకొనలేదు.

"నా కోసం అది షెడ్డులో పడి ఉంటే నాకేం సుఖంరా? మీరు నడపండి. కానీ ఆ పెట్టెను తుక్కుకు వేయకండి."

ఆ క్షణం నుండి మా పనితీరు మారినది. పాత పెట్టె నుండి వచ్చిన ప్రతి బోల్టును సంచిలో వేసి, ఎక్కడిదో కాగితం మీద వ్రాసి కట్టాము. ఆటోమేటిక్ బండి గేరులో ఉండగా స్టార్టు కాకుండా కాపాడే స్విచ్చు ఒకటి ఉంటుంది. దాని తీగలను కోయక, మధ్య ఒక చిన్న తీగతో కలిపాము. ఆ కాపుదల పోయినదని మాలో ఒకరికి గుర్తులేక, గేరు పడి ఉండగానే తాళంచెవి త్రిప్పినందున బండి కప్పవలె ఎగిరి ఎదుట ఉన్న ఖాళీ డ్రమ్మును గుద్దినది. ఎవరికీ దెబ్బ తగులలేదు. చేతిబ్రేకును కూడా క్రొత్తగా సరిచేయించాము. ఆటోమేటిక్ పెట్టె బండిని కదలకుండా పట్టి ఉంచే తాళం ఇక లేదు గదా.

బండి మొదటిసారి బయటకు వచ్చిన ఉదయం, బాబాయిగారు మా ప్రక్కన కూర్చున్నారు. ఆ కాలపు పెట్టెలో మొదటి గేరు బండి పూర్తిగా ఆగితే గాని సరిగా పడదు. తొందరపడితే పళ్ళు పటపట కొరుకుతుంది. ఆటోనగర్ గేటు వద్ద మూడుమార్లు ఇంజను ఆగినది. వెనుక లారీలు హారన్లు మ్రోగించినవి. బాబాయిగారు కళ్ళు మూసుకొని ఇంజను శబ్దం వింటూ, "ఇప్పుడు మార్చు... తొందరపడకు... ఆ, ఇప్పుడు" అని చెప్పసాగారు. ఆయన చెప్పిన క్షణంలో మార్చిన గేరు ఒక్కటైనను చప్పుడు చేయలేదు. బందరు రోడ్డు ఎక్కేసరికి మాకు నడుపుట వచ్చినది. దారి పొడుగునా ఆయన ఎడమచేయి మోకాలి మీద ఉన్నది. ఆ కాలు కదలలేదు.

పాత పెట్టె ఇప్పుడు మా ఇంటిలో చెక్కపెట్టెలో, నూనె గుడ్డల నడుమ ఉన్నది. దానికి కావలసిన సీళ్ళు, పట్టీలు, పలకలు నేటికిని అమెరికాలో తయారవుతున్నవి. వాటి కొరకు మేము ముగ్గురము నెలనెలా కొంత సొమ్ము దాచుచున్నాము. బండిలో ఏదీ కోయలేదు గనుక, ఆ పెట్టె తిరిగి దాని చోటికి పోగలదు. ఆ పనిని నేర్చుకొనుటకు మేస్త్రిగారు కూడా ఒప్పుకొన్నారు.

సోదర విద్యార్థులారా! పాతదానిని మార్చుట తప్పు కాదు. అది ఎవరి కొరకు అట్లు నిర్మింపబడినదో ముందుగా అడిగి తెలుసుకొనవలెను. అడుగుట మరచినచో, మరల వెనుకకు త్రిప్పగల విధంగానైనా మార్చవలెను. మేము మొదటిది మరచితిమి. రెండవది మా నాన్నగారి నియమం వలన, బాబాయిగారి మాట వలన మాకు దక్కినది.