ప్రొద్దుటూరిలో మూఁడు గంటలు

గడచిన మాఘమాసమున మేము నలుగురము స్త్రీలము పులివెందుల నుండి జమ్మలమడుగునకుఁ బయలుదేఱితిమి. అమ్మవారిశాలలోఁ గన్యకాపరమేశ్వరిని దర్శింపవలెనని యత్తగారు కోరుటచే ముద్దనూరు దారి విడిచి ప్రొద్దుటూరిలో దిగితిమి. మఱుబస్సునకు మూఁడు గంటల వ్యవధి యుండెను. 2025 ఆగష్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకుఁ బల్లెవెలుగు బస్సులలో ఛార్జి లేదు. ఆధారు కార్డు చూపినఁ జాలును. కావునఁ జేతఁ బైకము స్వల్పముగానే యుంచుకొంటిమి.

బస్టాండు వెలుపల నొక యాటోవాఁడు "ఇరవై రూపాయలమ్మా" యనెను. బండికని మేము తలఁచితిమి. మనిషికని యతఁడు తలఁచెను. గుడివాకిట దిగఁగానే యెనుబది యడిగెను. వాదులాటకు జనము మూఁగెను. సిగ్గుచే మాకుఁ దల వంగెను. "ముందే అడిగి ఎక్కాల గదమ్మా" యని యతఁడు నెమ్మదిగా ననెను. అత్తగారు మాఱుమాటాడక కొంగుముడి విప్పి, హుండీలో వేయుటకు దాఁచిన పైకము నిచ్చిరి.

తిరిగి బస్టాండునకు వచ్చునపుడును, జమ్మలమడుగు నుండి గండికోటకుఁ బోవునపుడును మేము ముందుగనే బేరమాడితిమి. సోదరీమణులారా! బండికా, మనిషికా, పోవుటకా, రానుపోనా యని యెక్కక మునుపే యడుగుఁడు. అమ్మవారికిఁ బడిన బాకిని మా యత్తగా రింకను దలఁచుచునే యున్నారు.