అడిగినోళ్లకు లేదనకుండా

పోయిన అక్టోబరులో మా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ గురించి చిన్న గొడవ జరిగింది. గొడవ అంటే పెద్దదేం కాదు. మా ఆయన అమ్మేద్దామన్నారు, నేను వద్దన్నాను. అంతే. కానీ ఆ రోజు మొదలైన ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. మీతో చెప్పుకుంటే నాకూ ఒక కొలిక్కి వస్తుందని రాస్తున్నాను.

ఆ లాప్‌టాప్ మా తమ్ముడిది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. కొత్తది కొనుక్కున్నప్పుడు పాతది నాకిచ్చాడు. "అక్కా, నీ సంఘం లెక్కలకు పనికొస్తది" అన్నాడు. నిజంగానే పనికొచ్చింది. మా పొదుపు సంఘంలో పన్నెండు మందిమి. అసలు పుస్తకాలు రాయడానికి వీవోఏ ఉంది. కానీ ఎవరు ఎంత తీసుకున్నారు, మిత్తి ఎంతయింది, ఇంకా ఎన్ని కిస్తీలున్నాయి అని అడిగితే అప్పటికప్పుడు చెప్పడానికి నేను విడిగా ఒక లెక్క పెట్టుకున్నాను. రెండేళ్లుగా ప్రతి నెలా మధ్యాహ్నం వంట పని అయ్యాక కూర్చుని అందులో ఎక్కించేదాన్ని.

ఆగస్టులో ఒక రోజు, తెల్లవారితే సంఘం మీటింగ్ అనగా ఫైలు తెరిచాను. తెరుచుకుంది. అంకెలన్నీ కనిపిస్తున్నాయి. మార్చబోతే మాత్రం మారడం లేదు. ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు సంవత్సరం చందా అయిపోయిందట, మళ్లీ కట్టాలట. సంవత్సరం మాట మా తమ్ముడు చెప్పే ఉంటాడు, నా బుర్రకెక్కలేదు. లెక్కలు నావి, పైసలు మా సంఘానివి, లాప్‌టాప్ మా ఇంట్లోది. అయినా తాళంచెవి మాత్రం వేరేవాళ్ల కొంగుకు ఉంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా చూసి చూసి పన్నెండు మంది లెక్కా కాగితం మీద రాసుకున్నాను.

అది మరిచిపోకముందే అక్టోబరు వచ్చింది. విండోస్ 10కు ఆ నెల 14వ తేదీతో మామూలు సపోర్టు ఆగిపోతుందని టీవీలో, ఫోన్లో ఒకటే వార్తలు. వాడుకోవచ్చుగానీ, కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు రావు. కావాలంటే కొన్ని షరతులతో ఇంకో సంవత్సరం పొడిగించుకోవచ్చు. విండోస్ 11 ఎక్కించుకోవాలంటే కొంచెం కొత్త రకం మిషన్ ఉండాలి. మాది ఎనిమిదేళ్ల పాతది.

"వచ్చినకాడికి అమ్మేసి కిస్తీల మీద కొత్తది తీసుకుందాం" అన్నారు మా ఆయన. మంచి మనసుతోనే అన్నారు. కానీ అప్పుడు పత్తి ఏరేవాళ్లకు కూలీ ఇవ్వాలి, మా అమ్మాయి డిగ్రీ ఫీజు కట్టాలి. ఇంట్లో కిస్తీలు ఎన్నున్నాయో నాకు తెలుసు కదా.

తాండూరులో డిగ్రీ చదివే మా అమ్మాయి అప్పుడు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చింది. "అమ్మా, ఇందులో లినక్స్ మింట్ ఉంది. ఎక్కించకుండానే ముందు నడిపి చూడొచ్చు. నచ్చితే ఉంచుకుందాం. పైసలేం అక్కర్లేదు" అంది.

మా ఆయన నవ్వారు. "పైసల్లేకుండ ఎవరిస్తరు? అందుల ఏదో మతలబు ఉంటది."

వాకిట్లో చాట పట్టుకుని కందులు చెరుగుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే అంది, "నేనియ్యలేదారా ఇత్తనాలు? ఎవలదగ్గరన్న పైసలు తీసుకున్ననా?"

అత్తమ్మకు లాప్‌టాప్ గురించి ఏమీ తెలియదు. పైసల్లేకుండా ఎవరిస్తరు అన్న మాట ఒక్కటే ఆమె చెవిన పడింది. దానికే జవాబు చెప్పింది. మా ఆయన ఇంకేం మాట్లాడలేదు.

బంట్వారం చుట్టుపక్కల పెరిగినవాళ్లకు అత్తమ్మ చెప్పింది కొత్త సంగతేం కాదు. నేను కోడలిగా వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఒక మూలంతా విత్తనాలదే. చేలో మంచి కంకులు చూసి ముందే ఏరిపెట్టేది. ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, పేడతో అలికిన గంపల్లో మూతి కట్టి ఉంచేది. తెల్లజొన్న, కంది, పెసర, అనుములు. మిరుగం వచ్చిందంటే ఊళ్లో ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్లు. శేరు తీసుకుపోయినవాళ్లు పంట చేతికొచ్చాక శేరున్నర తెచ్చి ఇచ్చేవాళ్లు. రాసుకోవడం లేదు, సంతకం లేదు. ఒక ఏడు మా చేలో జొన్న పోతే, మా ఇంటి నుంచి తీసుకుపోయిన విత్తనమే పక్కింటి నుంచి మాకు తిరిగొచ్చింది. పంచింది కాబట్టి మిగిలింది.

తర్వాత పత్తి వచ్చింది. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది 2002లో. దాని విత్తనం ప్యాకెట్లలో వస్తుంది. హైబ్రిడ్ కాబట్టి దాచుకుని మళ్లీ వేస్తే అదే పంట రాదు. ప్రతి జూన్‌లో మళ్లీ కొనాల్సిందే. పత్తితో పైసలు కళ్ల చూసినమాట నిజం, మా ఇల్లు కట్టుకున్నది కూడా ఆ పైసలతోనే. కాదనను. కానీ గంపల మూల ఖాళీ అయింది. ఇప్పుడు అక్కడ ఫ్రిజ్ ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి మేమంతా సంబరపడ్డాం. ఆ రోజు అత్తమ్మ మాత్రం "మంచిదే, మరి ఇత్తనం ఎవల ఇంట్ల ఉంది?" అని అడిగింది.

మాకు దగ్గర్లోనే జహీరాబాద్ వైపు, పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇంకా విత్తనాలు దాచి పంచుకుంటున్నాయి. సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర కూడా చేస్తారు. కాబట్టి ఇది పోయిన కాలం ముచ్చట కాదు.

ఇక లినక్స్ సంగతి. మా అమ్మాయి చెబుతుంటే నాకు అర్థమైనంత చెబుతాను. సాఫ్ట్‌వేర్ కూడా ఒక వంట లాంటిదే. కొన్నది తినొచ్చుగానీ, ఏం వేశారో, ఎలా చేశారో చెప్పరు. మీరు ఉప్పు తగ్గించుకోలేరు, పక్కింటికి గిన్నెలో పెట్టి ఇవ్వలేరు. ఓపెన్ సోర్స్ అంటే వండిన కూరతో పాటు వండే పద్ధతి కూడా రాసి చేతికిచ్చేయడం. చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తానని ప్రకటించారు. 1991లో హెల్సింకిలో 21 ఏళ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టారు. తర్వాతి ఏడాది దాన్ని స్టాల్‌మన్ రాసిన లైసెన్సు కిందికి తెచ్చారు. ఆ లైసెన్సులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. నువ్వు తీసుకుని బాగుచేసి ఇంకొకరికి ఇస్తే, నీకు దొరికిన స్వేచ్ఛే వాళ్లకూ దొరకాలి. శేరుకు శేరున్నర కాకపోయినా, మూతి కట్టేసి మాత్రం ఇవ్వకూడదు.

మనకు తెలియకుండానే ఈ విత్తనం మన ఇళ్లలో ఉంది. ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది లినక్సే. తెలుగులో టైపు చేయడానికి మనలో చాలామంది మొదట పట్టుకున్నది లేఖిని. వీవెన్ అనే ఆయన దాన్ని వెన్న నాగార్జున చేసిన పద్మ అనే పరికరం ఆధారంగా తయారుచేశారు. అదే నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టారు. ఒకరి విత్తనం ఇంకొకరి చేలో మొలిచింది. ఆ పంటే మనం ఈనాటికీ తింటున్నాం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్లుగా తెలుగులో కంప్యూటర్ నడవాలని పనిచేస్తోంది. వీళ్లెవరూ మన దగ్గర రూపాయి అడగలేదు.

సరే, పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం, బాగానే నడిచింది. ఫైళ్లన్నీ ముందు వేరేచోట దాచుకుని తర్వాత ఎక్కించాం. అందులోనే లిబ్రే ఆఫీస్ ఉంది. నా సంఘం లెక్క అందులో తెరుచుకుంది. భయం భయంగా ఒక అంకె మార్చాను. మారింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఒక అంకెకు అంత ఎందుకో తెలియదు.

అన్నీ నల్లేరు మీద నడకలా సాగాయని చెప్పను. మా ప్రింటరు రెండు రోజులు మొండికేసింది. మా అమ్మాయి కాలేజీలో వాడే ఒక ప్రోగ్రాం ఇందులో నడవలేదు, దానికి కాలేజీ ల్యాబుకే పోతోంది. నాకు అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. డబ్బు పెట్టకపోయినా పొద్దు పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. నా పొద్దు సరే, మరి తయారుచేసినవాళ్ల పొద్దు?

2024 మార్చిలో జరిగిన ఒక సంగతి మా అమ్మాయి చెప్పింది. ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. పెద్ద ఫైళ్లను చిన్నగా మడిచిపెట్టడం దాని పని. ప్రపంచంలో ఎన్నెన్నో సర్వర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్లుగా చూసుకుంటున్నది ప్రధానంగా ఒకే ఒక మనిషి, అదీ జీతం లేకుండా. ఆయన అలిసిపోయారు, ఆరోగ్యం బాగోలేదు. ఆ సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించారు. ఇంకెవరెవరో పేర్లతో "పని ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకు అప్పజెప్పు" అని ఆయన మీద ఒత్తిడి కూడా వచ్చింది. చివరికి ఆ సాయానికి వచ్చిన చెయ్యే అందులో దొంగదారి పెట్టింది. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకు అనుమానం వచ్చింది. వెతుక్కుంటూ పోతే బండారం బయటపడింది. అది ఎక్కువ చోట్లకు పాకకముందే ఆపగలిగారు.

అర సెకను! మా అమ్మాయికి అది వింతగా ఉంది. నాకు కాలేదు. కుక్కరు విజిల్ ఒక్క క్షణం ఆలస్యమైతే మనకు పక్కగదిలో ఉన్నా తెలియదూ? పిల్ల గొంతులో చిన్న తేడా ఉంటే అన్నం పెట్టేటప్పుడే పట్టుకోమూ? రోజూ చూసుకునేవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది. దానికి జీతం ఉండదు, పేరు ఉండదు. ఆగిపోయిన రోజే అందరికీ గుర్తొస్తుంది.

ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. అదే మగవాళ్లయితే 88 నిమిషాలు. జీతం లేని పనే ఇదంతా. ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే, "ఏం లేదండీ, ఇంట్లోనే" అని నేను ఎన్నిసార్లు అన్నానో! ఉచితంగా ఇస్తే అందులో ఏముంటది అని మా ఆయన అన్నప్పుడు నాకు చురుక్కుమన్నది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఆ మాట లాప్‌టాప్‌కు తగల్లేదు, నాకు తగిలింది.

అందుకే ఉచితం కదా అని ఊరికే వాడుకుని పోవడం నాకు మనసొప్పలేదు. మింట్‌లో కొన్ని మాటలు ఇంకా ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటిని తెలుగు చేయడానికి ఎవరైనా సాయం చేయొచ్చని మా అమ్మాయి చూపించింది. నాకు కోడ్ రాదు, తెలుగు వచ్చు. ఇద్దరం కూర్చుని నాలుగు మాటలకు తెలుగు రాసి పంపాం. నాలుగంటే నాలుగే. వాళ్లు తీసుకుంటారో లేదో చూడాలి. సంఘంలో ఇంకో ఇద్దరికి కూడా లెక్క పెట్టుకోవడం నేర్పుతున్నాను. రేపు నాకు జ్వరమొచ్చినా సంఘం ఆగకూడదు కదా. ఒక్క మనిషి మీదే భారమంతా పెడితే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ కథలో చూశాం.

మొన్న సంక్రాంతికి మా ఆయన పండగ సామానుతో పాటు నాలుగు మట్టికుండలు తెచ్చారు. ఎందుకంటే చెప్పలేదు. అత్తమ్మ ముందు పెట్టి, "ఈ ఏడు కందుల్లో మంచియి ఏరిపెట్టు" అన్నారు. అత్తమ్మ ఆయన్ని చూసి, "బూడిద ఏడుంది మీ గ్యాసుపొయ్యి ఇంట్ల?" అని దెప్పింది. నేను నీళ్లపొయ్యి దగ్గరికి పోయి చాటెడు బూడిద తెచ్చాను.

ఇప్పుడు ఫ్రిజ్ పక్కన మూతికట్టిన రెండు కుండలున్నాయి. మిగతా రెండు పక్కింటి వదిన తీసుకుపోయింది, విత్తనాలతో సహా.